తైల గండూషము: నోటి దుర్వాసనకు నూనెవైద్యపు చరిత్ర

జ్వరము వచ్చినవాడు మూల్గును. పంటినొప్పి గలవాడు దవడ పట్టుకొని తిరుగును. వారి బాధ వారికే ముందుగా తెలియును. నోటి దుర్వాసన గలవాని సంగతి అట్టిది కాదు. అతని రోగము అతనికి తప్ప అందరికిని తెలియును. తెలిసినవారు మొగమాటముచేత చెప్పరు. చెప్పక ముఖము త్రిప్పుకొందురు. బడిలో ప్రక్క పిల్లవాడు జరిగి కూర్చుండును. సంతలో బేరమాడువాడు ఒక అడుగు వెనుకకు వేయును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల భర్తకు చెప్పలేక, అత్తకు చెప్పలేక లోలోన కుములును. చెప్పువారు లేక, అడుగుటకు సిగ్గుపడి, పలువురు ఈ బాధను ఏండ్ల తరబడి మోయుచున్నారు. ఈ మౌనమే ఈ రోగమునకు పెట్టని కోట.

ఈ కోటను ఛేదించుటకు తెలుగువారు తరతరములుగా చేపట్టిన సాధనములలో గింజలనుండియు, ఆకులనుండియు, మొగ్గలనుండియు తీసిన నూనెలు ముఖ్యమైనవి. నువ్వులనూనె, లవంగతైలము, వాముపువ్వు, నీలగిరితైలము, కర్పూరము, వీనిలో ప్రతిదానికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో ప్రాచీన శాస్త్రము కలదు, సముద్రవ్యాపారము కలదు, పత్రికల ప్రచారము కలదు, అతిశయోక్తియు కలదు. నూనె చేయగల మేలెంత, చేయలేనిదెంత యను ప్రశ్నకు సమాధానము ఆ చరిత్రయందే దొరకును.

పల్లెలో వేకువ

జఫర్‌గఢ్ ఓరుగల్లు సీమలోని పాత ఊరు. పూర్వము వేల్పుగొండ యను పేర ప్రసిద్ధి కెక్కినది. కొండమీద కోట, క్రింద వరిమళ్ళు, ప్రత్తిచేలు, చెరువులు దీని స్వరూపము. చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరినది. పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన బమ్మెరయు ఈ ప్రాంతమువే.

కుంచె బ్రష్షులును, గొట్టములలోని పేస్టులును రాక పూర్వము ఈ సీమ పల్లెలలో వేకువ వేపపుల్లతో మొదలగుచుండెను. పుల్లకొనను నమిలి కుంచెవలె చేసి పండ్లు తోముకొనుట, పని ముగిసిన పిదప ఆ పుల్లనే నడిమికి చీల్చి ఆ బద్దతో నాలుక గీచుకొనుట, తరువాత నీటితో పుక్కిలించి ఉమియుట, ఇది క్రమము. వేప అందనిచోట కానుగ, తుమ్మ, ఉత్తరేణి పుల్లలు ఉపయోగపడెడివి. చిగుళ్ళు వాచినప్పుడు మెత్తని ఉప్పును మంచినూనెతో కలిపి వ్రేలితో రుద్దుకొనెడివారు. మంచినూనె యనగా నువ్వులనూనె. ఎన్నో నూనెలుండగా దీనికొక్కదానికే ‘మంచి’ యను విశేషణము దక్కుట గమనింపదగినది. సంస్కృతమున ‘తైల’ మను మాటయు ‘తిల’ నుండి పుట్టినదే, తిలలనగా నువ్వులు. నూనె యన్నచో మొదట నువ్వులనూనెయే యని రెండు భాషలును చెప్పుచున్నవి.

పుల్ల, బద్ద, పుక్కిలింత, నూనె: ఈ నాలుగును చూచువారికి పల్లెవాడుకలుగా కనబడును. కాని ప్రాచీన వైద్యగ్రంథములను తిరుగవేసినవారికి ఇదియంతయు శాస్త్రములో చెప్పిన దినచర్యయే యని తోచకమానదు.

సంహితలలోని నాలుగు మెట్లు

క్రీస్తుశకపు తొలి శతాబ్దములనాటికి రూపు దిద్దుకొన్న చరకసంహితలో సూత్రస్థానమున ఐదవ అధ్యాయము ఆహారమును, దినచర్యను గూర్చినది. అందు నోటిశుభ్రత నాలుగు మెట్లుగా చెప్పబడినది. మొదటిది పండ్లు తోముట. కానుగ, గన్నేరు, జిల్లేడు, జాజి, మద్ది, వేగిస మొదలగువాని పుల్లలు అందుకు పేర్కొనబడినవి. పుల్లవలన నోటి చెడువాసనయు, అరుచియు పోవునని చెప్పిరి. రెండవది నాలుక గీచుట. బంగారము, వెండి, రాగి, తగరము, ఇత్తడి యను లోహములలో దేనితోనైనను వాడిలేకుండ వంచి చేసిన గీకుడుబద్ద అందుకు తగినది. నాలుక మొదట పేరుకొన్న మలమే దుర్గంధమునకు కారణమనియు, కావున దానిని గీచివేయవలెననియు అచ్చట స్పష్టముగా నున్నది. మూడవది జాజికాయ, లవంగము, తక్కోలము, వక్క, కర్పూరము మున్నగు సుగంధవస్తువులను నోట నుంచుకొనుట. నాల్గవది నూనెను నోట పట్టుట. దీనికే తైలగండూషమని పేరు. దీనివలన దవడలకు బలము, స్వరమునకు పుష్టి, నాలుకకు రుచి కలుగుననియు, పెదవులు పగులవనియు, గొంతు ఎండదనియు, పండ్లు పులుపునకు జివ్వుమనవనియు చరకము చెప్పుచున్నది.

ఇచ్చట ఒక విశేషమున్నది. చరకమున చెడువాసన ప్రసక్తి పుల్లకును, నాలుకబద్దకును కలిపి చెప్పబడినది. నూనెకు చెప్పిన ఫలములు బలము, పుష్టి, రుచి. సుశ్రుతసంహిత మరి యొక అడుగు ముందుకు వేసినది. దాని చికిత్సాస్థానము 24వ అధ్యాయములో పండ్లుతోము పుల్ల పండ్రెండు అంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెననియు, చేదు పుల్లలలో వేప, కారపు పుల్లలలో కానుగ, వగరు పుల్లలలో చండ్ర, తీపి పుల్లలలో ఇప్ప మేలైనవనియు చెప్పి, పది అంగుళముల మెత్తని నాలుకబద్దను వర్ణించినది. ఆ వెంటనే నోటి అరుచి, దుర్గంధము, వాపు పోవుటయు, పండ్లు గట్టిపడుటయు స్నేహగండూషముతో కూర్చి చెప్పబడినవి. స్నేహమనగా నూనె, నేయి వంటి జిడ్డుపదార్థము. నూనెకు దుర్వాసనను పోగొట్టు గుణమును స్పష్టముగా ఆరోపించిన ప్రాచీన గ్రంథమిది. కాని అచ్చటను నూనె పుల్లకు, బద్దకు తరువాతనే వచ్చినది. వానికి బదులుగా రాలేదు.

ఏడవ శతాబ్దమునకు చెందినవాడుగా ఎంచబడు వాగ్భటుడు అష్టాంగహృదయమున దీనికి విధివిధానములు ఏర్పరచెను. నోరు కదలింప వీలులేనంత నిండుగా పట్టినచో అది గండూషము. కొంచెము పట్టి ఇటునటు త్రిప్పినచో అది కవలము. గండూషము నాలుగు విధములు: స్నిగ్ధము, శమనము, శోధనము, రోపణము. నోటిలో కఫము నిండువరకు, లేదా కంట, ముక్కున నీరు కారువరకు ఉంచి ఉమియవలెను. నిత్యము చేయుటకు నువ్వులనూనె తగినదని ఆయన మతము. మింగవలసినదిగా చెప్పలేదు.

ఈ విధముగా మూడు గ్రంథములును కలిసి చూపినది ఒక మెట్లవరుస. గోడకు అంటిన మట్టిని గీకి, కడిగి, ఆరిన పిదప సున్నము వేసినట్లు, పాచిని తొలగించిన తరువాత నూనె రావలెను. మట్టిమీద వేసిన సున్నము నాల్గునాళ్ళలో రాలిపోవును.

గానుగ, కర్పూరము, తాంబూలము

కాకతీయులనాటి ఓరుగల్లు సీమలో నూనె సామాన్యవస్తువు కాదు. గుడిలో అఖండదీపము వెలుగవలెనన్నను, ఇంట దీపము పెట్టవలెనన్నను, తల అంటుకొనవలెనన్నను గానుగయే దిక్కు. ఆ కాలపు శాసనములలో దేవుని దీపమునకు గానుగనూనెను దానము చేసిన సంగతులు తరచుగా కనబడును. ఎద్దు తిరుగ, రోకలి నలుగ, చుక్కచుక్కగా కారిన ఆ నూనె గాండ్లవారి ఇండ్లనుండి గుడికిని, వంటింటికిని, వైద్యుని మందులపెట్టెకును చేరెడిది.

పరిమళపు నూనెల దారి మరియొకటి. అది సముద్రపు దారి. గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము తెలుగువారి వర్తకచరిత్రకు పట్టుగొమ్మ. గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొందునని వర్తకులకు అభయమిచ్చెను. ఆ సుంకపు పట్టికలో చందనము, కర్పూరము, చీనాకర్పూరము, పన్నీరు, దంతము, జవ్వాది, కర్పూరతైలము, పగడములు, మిరియములు, వక్కలు కలవు. కర్పూరతైలము సుంకము కట్టి దిగుమతి చేసికొనవలసినంత గిరాకీగల సరకుగా నుండెనని ఈ శాసనమే సాక్ష్యము.

దూరపు ద్వీపములనుండి వచ్చిన లవంగము, జాజికాయ, కర్పూరము ధనికుల తాంబూలమున చేరినవి. కర్పూరతాంబూలము మర్యాదకు గుర్తు; నోటికి పరిమళము. ఇక పల్లెరైతునకు దక్కినది పెరటి వేపపుల్ల, గానుగలోని మంచినూనె. అయినను ఈ రెంటిలో ఏది మేలైన వైద్యమని విచారించినచో ఆశ్చర్యము కలుగును. కర్పూరము వాసనను కప్పును. పుల్ల వాసనకు మూలమైన పాచిని తీయును. ఈ విషయమున రాజు నోటికంటె రైతు నోరే ఎక్కువ భద్రమై యుండవచ్చును.

తాంబూలమును గూర్చి నేటివారు తెలిసికొనవలసినది ఇంకొకటి కలదు. వక్క నమలుట నోటి పుట్టకురుపునకు, అనగా క్యాన్సరునకు, కారణమగునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించినది. పొగాకు, జర్దా, గుట్కా చేరినచో కీడు ఇనుమడించును. కావున సంహితలలో నున్నదని చెప్పి వక్కతో నోటివాసన పోగొట్టుకొనజూచుట నేడు వివేకము కాదు. లవంగము, ఏలకి చాలును.

తెలుగు వైద్యగ్రంథములు

సంస్కృత సంహితలు పండితుల చేతిలో నుండగా, తెలుగు దేశపు వైద్యులకు నిత్యోపయోగమైన గ్రంథములు వేరుగా పుట్టినవి. నీలకంఠ బసవరాజు రచించిన బసవరాజీయము వానిలో ముఖ్యమైనది. సంస్కృతశ్లోకముల నడుమ తెలుగును కలిపి కూర్చిన ఈ గ్రంథము తరతరములు తెలుగు వైద్యుల ఇండ్లలో చేతిపుస్తకముగా మెలగినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఎర్ర వెంకటస్వామిగారి వస్తుగుణదీపిక అచ్చు పడెను. వస్తువుల పేర్లను అకారాదిగా పేర్చి వాని గుణములను తెలుపు ఈ పుస్తకము చదువను వ్రాయను వచ్చిన ప్రతి గృహస్థునకును వైద్యశాస్త్రమును దగ్గర చేసినది. నోటిజబ్బులకు వైద్యులు కాచి యిచ్చు ఇరిమేదాది తైలమువంటి మందులలోను నువ్వులనూనెయే ఆధారము. తుమ్మజాతి చెట్టుబెరడు కషాయమును, సుగంధద్రవ్యముల ముద్దను నూనెలో చేర్చి, నీరు ఇగురువరకు కాచి వడగట్టుదురు. బెరడులోని వగరు చిగుళ్ళను బిగించును. నూనె ఆ సారమును మోసికొనిపోవును.

నిజాముల ఏలుబడిలో హైదరాబాదు రాజ్యమున ఆయుర్వేదము ప్రక్కన యునానీ వైద్యము వర్ధిల్లెను. హకీముల భాషలో నోటి దుర్వాసనకు ‘బఖర్’ అని పేరు. దవడలు, చిగుళ్ళు, కడుపు, ఇట్లు పుట్టుకచోటును బట్టి దానిని వారు విచారించెడివారు. లవంగము, దాల్చిన, పుదీనా, కర్పూరము వీరి మందులలోను కలవు. రెండు వైద్యములకు మాట వేరు, మందులసంచి ఇంచుమించు ఒక్కటే.

ఈ జ్ఞానము జనసామాన్యమునకు అందుటలో గ్రంథాలయములు చేసిన సేవ చిన్నది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో శ్రీరాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొన్నవి. 1906లో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగున అచ్చొత్తించెను. ఆయుర్వేదమును, పాశ్చాత్య వైద్యమును రెంటిని నేర్చిన ఆచంట లక్ష్మీపతిగారి వంటివారు తెలుగున ఆరోగ్యగ్రంథములు వ్రాసిరి. చదువనేర్చినవాడు చదువగా, రానివారు చుట్టును కూర్చుండి వినుట ఆనాటి పద్ధతి. అడుగుటకు సిగ్గుపడు రోగమునకు పుస్తకమును మించిన వైద్యుడు లేడు.

వాముపువ్వు చేసిన ప్రయాణము

వాము తెలుగువారి వంటింటి గింజ. కర్నూలు విపణి వామునకు పేరు పొందినది. ఈ గింజనుండి దిగు నూనెలో తెల్లని పలుకులుగా పేరుకొను పదార్థమే వాముపువ్వు. పాశ్చాత్యులు దీనిని థైమాలు అందురు. సూక్ష్మజీవులను చంపుటయందు ఇది మిక్కిలి శక్తిగలది. మొదటి ప్రపంచయుద్ధము 1914లో మొదలగువరకు భారతదేశపు వాము అధికభాగము జర్మనీకి ఓడలమీద పోయి, అచ్చట వాముపువ్వుగా మారి, మందులసీసాలలో తిరిగి వచ్చెడిది. యుద్ధముతో ఆ దారి మూతపడిన పిదప ఈ దేశమునందే దానిని తీయు ప్రయత్నములు సాగినవి. గింజ ఇచ్చటిది, కష్టము ఇచ్చటిది, లాభము అన్యులది యైన కాలమునకు వాముపువ్వు ఒక చిన్న ఉదాహరణము.

ఈలోగా ఐరోపాలో వైద్యము క్రొత్తదారి త్రొక్కెను. 1867లో జోసెఫ్ లిస్టరు అను ఆంగ్ల శస్త్రవైద్యుడు పుండ్లు కుళ్ళుటకు సూక్ష్మజీవులే కారణమని నమ్మి, కార్బాలిక్ ఆమ్లముతో పుండ్లను శుద్ధిచేసి రోగులను కాపాడిన వృత్తాంతమును ప్రకటించెను. ఆయన పేరుమీదనే 1879లో అమెరికాలో జోసెఫ్ లారెన్సు అను వైద్యుడు ‘లిస్టరిన్’ అను మందునీటిని కూర్చెను. అందలి ముఖ్యద్రవ్యములు నాలుగు: వాముపువ్వు, నీలగిరితైలపు సారము, పుదీనాపువ్వు, వింటర్‌గ్రీన్ తైలపు సారము. నాలుగును చెట్ల నూనెలకు సంబంధించినవే. మొదట శస్త్రవైద్యులు వాడిన ఈ మందు 1920ల దశకమున నోటి దుర్వాసనకు మందుగా అమెరికా పత్రికలన్నిటిలో ప్రకటనల కెక్కెను. పెండ్లి కాని పిల్ల, ఉద్యోగము రాని యువకుడు ఆ ప్రకటనలలో పాత్రలు. మనుష్యుల సిగ్గును అమ్మకమునకు పెట్టి ఆ కంపెనీ ధనము గడించెను. అంతటితో ఆగక, ఈ మందు జలుబును, గొంతునొప్పిని మాన్పునని పలు దశాబ్దులు చాటించెను. ఆ మాట నిజము కాదని 1975లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్యసంఘము తీర్పుచెప్పి, తప్పును ప్రకటనలలోనే దిద్దుకొనుమని ఆదేశించినది. అయితే పంటిపాచిని, చిగుళ్ళవాపును తగ్గించు గుణము దానికి కలదని 1987లో అమెరికా దంతవైద్యుల సంఘము అంగీకరించినది. గొప్పలు రాలిపోయినవి, ఉన్న గుణము నిలిచినది.

హైదరాబాదునకును ఇట్టి కథయే యొకటి కలదు. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ‘జిందా తిలిస్మాత్’ అను మందును స్థాపించెను. నీలగిరితైలము దీనికి ప్రాణము. కర్పూరము, పుదీనాపువ్వు, వాముపువ్వు తోడు. ఆ సంస్థయే ఫారూఖీ పండ్లపొడిని కూడ చేసి అమ్మినది. తెలంగాణమున చిన్న కిరాణా దుకాణమున సయితము ఈ సీసా దొరకెడిది. సముద్రముల కావల ఒకచోట, మూసీనది యొడ్డున ఒకచోట వేరువేరు వైద్యులు అవే చెట్ల సారములను ఎంచుకొనుట కాకతాళీయము కాదు. ఆ నూనెల గుణమే వారిని అచ్చటికి నడపినది. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరము మూడును పొడిగానే కలిపినచో తమంత తాము కరగి నీరగుననియు, అదియే అమృతధార యనియు ఇంటివైద్యము తెలిసిన తెలుగువారందరును ఎరిగినదే.

ఆయిల్ పుల్లింగు ప్రచారము

1990ల దశకమున తెలుగునాట పాత గండూషము క్రొత్త ఇంగ్లీషు పేరుతో తిరిగివచ్చెను. ఉక్రెయిన్ దేశపు కరాచ్ అను వైద్యుడు చెప్పిన పద్ధతి యని ప్రచారము పొందిన దీనిని బెంగళూరులోని తుమ్మల కోటేశ్వరరావుగారు చేపట్టి, తెలుగువారి నడుమ విశేషముగా వ్యాపింపజేసిరి. ఒక చెంచా నువ్వులనూనె గాని ప్రొద్దుతిరుగుడు నూనె గాని పరగడుపున నోట పోసికొని పదునైదు ఇరువది నిముషములు త్రిప్పి, పల్చనై తెల్లబడిన పిదప ఉమియుట ఆ పద్ధతి. పట్టణములలో ఉద్యోగులు, పల్లెలలో వృద్ధులు వేకువనే బుగ్గలు పూరించి మాటలేక సైగలతో మెలగిన రోజులవి.

1996లో ఆంధ్రజ్యోతి దినపత్రిక పాఠకుల అనుభవములను సేకరించినది. సమాధానమిచ్చినవారు 1041 మంది కాగా, వారిలో 927 మంది ఏదో యొక జబ్బు నయమైనదని తెలిపిరి. ఈ లెక్క ఎందరినో ఆకర్షించినది. కాని దీనిని చదువు విధానము తెలియవలెను. గుణము కలిగినవాడు ఉత్సాహముతో జాబు వ్రాయును. గుణము కలుగనివాడు ఊరకుండును. నూనె పట్టనివారితో పోల్చి చూచుట ఇందులో లేదు. కావున ఈ లెక్క జనుల విశ్వాసమునకు కొలతయే గాని మందు శక్తికి కొలత కాదు. నోటినుండి తెల్లగా వచ్చినది శరీరములోని విషమను నమ్మికయు అట్టిదే. నూనె ఉమ్మినీటితోను గాలితోను కలిసి సన్నని బిందువులుగా చీలుటవలన ఆ తెలుపు వచ్చును. అందు విషమేమియు లేదు.

అంతమాత్రమున నూనెను త్రోసివేయ పనిలేదు. 2011లో తమిళనాడున దంతవైద్య పరిశోధకులు 20 మంది కిశోరులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు నువ్వులనూనె, రెండవదానికి క్లోర్‌హెక్సిడిన్ అను బలమైన మందునీరు ఇచ్చి చూచిరి. నోటివాసన తగ్గుటయందు నూనె ఆ మందుతో ఇంచుమించు సమానముగా పనిచేసినదని వారు ప్రకటించిరి. 20 మందితో చేసిన పరీక్ష చిన్నది. దానితోనే శాస్త్రము స్థిరపడదు. అమెరికా దంతవైద్యుల సంఘము సాక్ష్యము చాలదని చెప్పి, ఈ పద్ధతిని సిఫారసు చేయలేదు. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, నూనె నోటికి కొంత మేలు చేయును. ఇతర రోగములను మాన్పునను మాటకు ఆధారము లేదు.

దుర్వాసన ఎట్లు పుట్టును?

హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టలవర్తకుడు లీవెన్‌హోక్ 1683లో తాను చేసిన భూతద్దముతో పంటిపాచిని చూచి, అందు చరించు సూక్ష్మజీవులను వర్ణించెను. ఆ జీవులకును వాసనకును గల సంబంధము తేలుటకు మూడు శతాబ్దులు పట్టినది. 1960ల, 1970ల దశకములలో కెనడా పరిశోధకుడు జోసెఫ్ టాన్‌జెటిచ్ నోటివాసనలోని వాయువులను పరీక్షించి, గంధకపు వాయువులే అందు ప్రధానమని చూపెను. నాలుక వెనుకభాగమున, పండ్ల సందులలో, చిగుళ్ళ సంచులలో గాలి తగులనిచోట దాగిన సూక్ష్మజీవులు ఆహారపు తునుకలను, రాలిన కణములను కుళ్ళజేయును. అప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసనగల వాయువు పుట్టును. నోటి దుర్వాసనలో నూటికి 80కి పైగా నోటిలోనే పుట్టునని వైద్యుల నిర్ణయము. నాలుక మొదటి మలమును దోషిగా చూపిన చరకమునకు ఇంతకంటె గొప్ప సమర్థనము అక్కరలేదు.

నూనె ఏమి చేయును? అది జిడ్డు, జిడ్డును జిడ్డు పట్టును. సూక్ష్మజీవుల పైపొరలును జిడ్డుగలవే కావున కొన్ని నూనెబిందువుల కంటుకొని ఉమ్మితో బయటపడును. ఎండిన నోటికి తేమ కలుగును. రాత్రియందు ఉమ్మి తగ్గుటచేతనే వేకువ నోరు వాసన కొట్టును. లవంగనూనెలోని యూజెనాలు, వాములోని థైమాలు సూక్ష్మజీవులను నేరుగా చంపును. కాని పంటికి రాయివలె అంటిన గారను ఏ నూనెయు కరిగింపలేదు. పుచ్చిన పంటిగోతిని ఏ నూనెయు పూడ్చలేదు.

వాడుక, హెచ్చరిక

ఉదయమున పుల్లతోనో బ్రష్షుతోనో పండ్లు తోమి, నాలుకను వెనుకనుండి ముందుకు మెల్లగా గీచి, నీట పుక్కిలించిన పిదప ఒక చిన్న చెంచా నువ్వులనూనెను గాని కొబ్బరినూనెను గాని కొద్ది నిముషములు నోట త్రిప్పి ఉమియవచ్చును. రాత్రి పడుకొనుటకు ముందు మరల పండ్లు తోముట మరువరాదు. నూనెను మింగరాదు. నోటిలోని నూనె ఊపిరితిత్తులలోనికి పోయినచో న్యుమోనియా రావచ్చును. అట్లు జరిగిన సందర్భములు వైద్యపత్రికలలో కలవు. కావున చిన్నపిల్లలకును, మింగుట కష్టమైన వృద్ధులకును ఈ పద్ధతి తగదు. లవంగనూనెను పచ్చిగా చిగుళ్ళకు రాచినచో పొక్కును. కర్పూరము, నీలగిరితైలము, వేపనూనె పసివారి కడుపులోనికి పోయిన ప్రాణాపాయము. ఆ సీసాలను అందనిచోట ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. రెండు మూడు వారములు శ్రద్ధగా శుభ్రము చేసినను వాసన పోనిచో నూనెను మార్చుట కాదు, వైద్యుని చూచుట కర్తవ్యము. చిగుళ్ళనుండి రక్తము కారుట, పండ్లు కదలుట చిగుళ్ళవ్యాధికి గుర్తులు. మిగులముగ్గిన పండువంటి వాసన అదుపు తప్పిన మధుమేహమునకు గుర్తు కావచ్చును. మూత్రపువాసన మూత్రపిండముల జబ్బునకును, ముక్కునుండి వచ్చు కంపు పీనసమునకును సూచనలు కావచ్చును. నోటిలో మానని పుండు, తెల్లమచ్చ కనబడినచో, విశేషించి పొగాకు వాడువారు, ఒక దినము కూడ ఆలసింపరాదు. పరిమళపు నూనెతో వాసనను కప్పి లోపలి రోగమును పెంచుకొన్నవారు, పొగ కనబడకుండ తలుపు మూసికొని ఇంటిలోని నిప్పును మరచినవారివంటివారు.

ముగింపు

గానుగ మూలపడి, నూనె మిల్లుడబ్బాలలో వచ్చుచున్న నేటి కాలమునను మంచినూనె మంచితనము పోలేదు. దానిని గూర్చిన రెండు అతిశయములు మాత్రము పోవలెను: పాతదగుటచేతనే అన్నియు మాన్పునను మూఢవిశ్వాసమొకటి, పాతదగుటచేతనే పనికిరాదను అహంకారమొకటి. సంహితలు నూనెకు ఇచ్చినది నాల్గవ మెట్టు. ఆ మెట్టుమీద అది నేటికిని గౌరవముగా నిలిచియున్నది. మొదటి మెట్టునకు లాగినప్పుడెల్ల జారినది. తోముట, గీచుట, కడుగుట, పిదప నూనె పట్టుట, అప్పటికిని తగ్గనిచో వైద్యుని ఆశ్రయించుట, ఇదియే ఈ చరిత్ర చెప్పు క్రమము.

ఇక మిగిలినది మౌనము. తల్లి బిడ్డకు, భార్య భర్తకు, స్నేహితుడు స్నేహితునకు చాటుగా, ప్రేమతో ఒక్క మాట చెప్పగలిగినచో సగము వైద్యము జరిగినట్లే. ఆ మాట చెప్పుటకు నోరు రానివారు ఈ పుటను తెరచి ఎదుట ఉంచినను చాలును.